చేతులు వెనక్కి

“నన్నెందుకు అడుగుతది? వాళ్ల నాన్ననడుగుమను.”

ముత్యాలమ్మ ఈ మాట కూతురితో అనలేదు. గోడతో అంది. తెల్లవారినప్పటి నుంచీ ఆమె మాట్లాడుతున్నది ఆ గోడతోనే.

స్తుతి గడప దగ్గర నిలబడి ఉంది. చేతిలో తెల్ల శాటిన్ గౌను. గౌను ముందు భాగంలో, సరిగ్గా పూసల శిలువ కుట్టవలసిన చోట, అరచేతి వెడల్పున నల్లటి గ్రీజు మరక. దాన్ని సబ్బుతో ఒకసారి, కుంకుడు రసంతో ఒకసారి, నిమ్మచెక్కతో ఒకసారి రుద్దారు. మరక పోలేదు సరికదా, మూడు స్నానాలు చేసి మరింత నిగనిగలాడుతోంది.

“నాన్నా, కిరసనాయిలుతోటి తుడిస్తే పోతదేమో అమ్మనడుగు,” అంది స్తుతి.

తల్లికీ కూతురికీ మధ్య కుర్చీలో అంతోనయ్య ఇరుక్కుపోయి ఉన్నాడు. ఆయన దుమ్ముగూడెం గుడికి ఉపదేశి. ఫాదర్ గారు రాని ఆదివారాల్లో ముప్పావుగంట ప్రసంగం మంచినీళ్లు తాగకుండా చెప్పగల మనిషి. భార్య ముందు మాత్రం ఆయన ప్రసంగాలు ఒక్క వాక్యం దాటవు.

“ముత్యాలూ, కిరసనాయిలంట...”

“శాటిన్ బట్టకు కిరసనాయిలు పూస్తే ఆ వాసన ఆదివారం లోపల పోతదా అని అడుగు. ఆ పిల్ల సత్ప్రసాదానికి నోరు తెరిస్తే ఫాదర్ గారికి లాంతరు వాసన రావాల్నా అని అడుగు.”

అంతోనయ్య కూతురి వైపు తిరిగాడు. స్తుతి తల దించుకుంది. నవ్వు ఆపుకోవడానికి దించుకుందో, ఏడుపు ఆపుకోవడానికి దించుకుందో ఆయనకు అర్థం కాలేదు. ఆ పిల్లకూ అర్థం కాలేదు.

ఎల్లుండి ఆదివారం పన్నెండు మంది ఆడపిల్లలకు మొదటి సత్ప్రసాదం, పూజలో తొలిసారి అప్పం అందుకునే పండగ. పన్నెండు తెల్లగౌన్లూ ముత్యాలమ్మే కుట్టాలి. పదిహేనేళ్లుగా ఆమే కుడుతోంది. మూడు పూర్తయ్యాయి. నాలుగోది ఈ పొద్దున మిషను మీద పెట్టి పెడల్ తొక్కిందో లేదో, సూది పైనుంచి నల్లటి ముద్ద ఒకటి జారి బట్ట మీద పడింది. కింద దారం ఉండలు కట్టి మిషను బిగుసుకుపోయింది.

అది ఎవరి పనో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. నిన్న మధ్యాహ్నం ముత్యాలమ్మ కొలతలకని గుడికి వెళ్లినప్పుడు, మిషను కీచుమంటోందని స్తుతి దాన్ని విప్పింది. ఐదు నెలలుగా ఊరి వర్క్‌షాపులో పంపులూ మోటార్లూ విప్పి బిగిస్తున్న పిల్ల. అమ్మకు చెప్పకుండా బాగుచేసి ఆశ్చర్యపరుద్దామనుకుంది. అక్కడ నేర్చుకున్నట్టే, కదిలే ప్రతి ముక్కకూ పంపులకు పెట్టే చిక్కటి గ్రీజు దట్టించింది. అమ్మను ఆశ్చర్యపరచడం వరకు పని బాగానే జరిగింది.

“ఎవరు నేర్పిండ్రో అడుగు,” అంది ముత్యాలమ్మ గోడతో.

“ఎవరు నేర్పిండ్రు బిడ్డా?”

“బిక్షపతి సారు. కదిలే ప్రతిదానికి గ్రీజు గావాలని చెప్పిండు.”

“విన్నవా ముత్యాలూ, కదిలే ప్రతిదానికి...”

“విన్న. నాకు చెవులు మంచిగనే ఉన్నయి.” ముత్యాలమ్మ గోడను వదిలి మొదటిసారి ఇటు తిరిగింది. “కుట్టుమిషనుకు గ్రీజేంది? దానికి చుక్క నూనె చాలు. ఇరవై ఏండ్ల సంది ఆ మిషను నా చేతిల ఉంది. ఒక్కనాడు ఒక్కరిని ముట్టనిచ్చిన్నా? సూదిల దారం ఎక్కియ్యనిచ్చిన్నా? ఎందుకియ్యలే? గిందుకే ఇయ్యలే!”

అది నిజం. ముట్టనివ్వలేదు. మిషను ఒక్కటే కాదు. స్తుతి వంకాయ తరగబోతే ముక్కలు పెద్దవయ్యాయని కత్తిపీట లాక్కునేది. పిండి కలపబోతే నీళ్లెక్కువయ్యాయని గిన్నె లాక్కునేది. ఊహ తెలిసినప్పటి నుంచీ స్తుతి ఆ ఇంట్లో ఎక్కువసార్లు విన్న మాట ఒకటే: “లే, నేను చేస్త.” ఆ పిల్లకు ఇప్పుడు పంతొమ్మిదేళ్లు.

“ఇయ్యాల్టి సంది ఆ షెడ్డుకు పోవుడు బంద్,” అంది ముత్యాలమ్మ. “పేరు కొట్టేయిస్త.”

మిషను పక్కన పడుకున్న పిల్లి కూడా లేచి బయటకు పోయింది.

“అమ్మా, ఇంక మూడు వారాలే ఉన్నది.” పొద్దున్నించి స్తుతి నేరుగా తల్లితో అన్న మొదటి మాట అది. “మూడు వారాలైతే బోరింగులు బాగుచేసే జట్టుల తీసుకుంటరు. నేను మానేస్తే నాతోటి నేర్చుకునే పూలిని గూడ వాళ్లింట్ల పంపరు. నేనున్ననని చెప్తెనే తండా నుంచి పంపుతున్నరు.”

“గట్లనా? మిషను విప్పేటప్పుడు పూలి యాదికి రాలేదా?”

నిజంగానే యాదికి రాలేదు. అమ్మ ఎంత సంతోషిస్తుందో అన్నదొక్కటే మనసులో ఉండింది. ఆ సంగతి చెబుదామనుకుని, స్తుతి గౌను మరకను లోపలికి మడిచింది.

అంతోనయ్య కుర్చీలోంచి లేచాడు. “నేను భద్రాచలం మెకానిక్కుకు ఫోన్ చేసొస్త,” అని, ఇద్దరిలో ఎవరూ వద్దనకముందే వీధిలో ఉన్నాడు. రూపాయి ఫోను ఉన్న కిరాణా కొట్టు రెండు సందుల అవతల. ఆయన ఇరవై నిమిషాల తర్వాత వచ్చాడు. అంతసేపూ ఇంట్లో ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా చెరో పనీ కల్పించుకున్నారు. ముత్యాలమ్మ కత్తిరించి పెట్టిన తెల్లబట్ట ముక్కల్ని మూడుసార్లు లెక్కపెట్టింది. పాడైన దానికి బదులు ఇంకోటి కత్తిరిస్తే, సరిగ్గా తొమ్మిది గౌన్లకు బట్ట ఉంది. పదో గౌనుకు చెయ్యి కూడా రాదు.

“మెకానిక్కు మధిరకు పోయిండంట,” అన్నాడు అంతోనయ్య గుమ్మంలోనే నిలబడి. “బామ్మర్ది పెళ్లి. సోమవారం దాకా రాడు.”

“ముసలయ్య మిషను అడగకపోయినవా?”

“అడిగిన. టైలరు ముసలయ్య ఆ పెళ్లి బట్టల్లనే మునిగున్నడు. మిషను ఇచ్చుడు కాదు, ఖాళీగుంటే కూసోని గుండీలు కుట్టమన్నడు నన్ను.”

స్తుతి ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకుంది.

ముత్యాలమ్మ నవ్వలేదు. ఆమె మిషను వైపు చూస్తోంది. ఆ మిషను గొంతులో ఏ మార్పు వచ్చినా ఆమెకు పక్కగదిలోంచే తెలుస్తుంది. ఎక్కడ ఎన్ని చుక్కల నూనె వెయ్యాలో నిద్రలో అడిగినా చెబుతుంది. కానీ ఇరవై ఏళ్లలో దాని ఒక్క స్క్రూ విప్పలేదు. విప్పడం, బిగించడం మెకానిక్కు పని. ఆమెకు లోపలి వైపు చూస్తేనే భయం.

“నేను విప్పుత,” అంది స్తుతి నెమ్మదిగా. “ఏది ఎక్కడిదో నాకు తెలుసమ్మా. పనిముట్లు వర్క్‌షాపుల ఉన్నయి. నిన్న తెచ్చినయి సాయంత్రమే తిరిగిచ్చిన.”

ముత్యాలమ్మ కొంగు నడుముకు చుట్టి లేచింది. “పాండ్రి. అక్కడనే బాగుచేయించి, అక్కడనే పేరు కొట్టేయించి, మిషనును బిడ్డను ఇద్దరిని కలిపి ఇంటికి తెచ్చుకుంట.”

*

కూరగాయల తోపుడు బండి ఒకటి అడిగి తెచ్చి, మిషనును స్టాండుతో సహా దాని మీదికెక్కించారు. బండిని అంతోనయ్య నెడుతున్నాడు. పక్కన ముత్యాలమ్మ మిషను మీద దుప్పటి కప్పి, జ్వరమొచ్చిన మనిషిని దవాఖానాకు తీసుకుపోతున్నట్టు పట్టుకుని నడుస్తోంది. నాలుగడుగుల వెనక స్తుతి. ఆ పిల్ల చేతిలో మరక గౌను, నెత్తిన తెల్లబట్టల మూట.

“ఏందమ్మా, ఇల్లు మారుతున్నరా?” అని ఒకరు.

“ఉపదేశి గారూ, వంకాయలెట్లిస్తున్నరు?” అని ఇంకొకరు.

అంతోనయ్య అందరికీ నవ్వుతూ తల ఊపాడు. గుడి సందు దగ్గర మాత్రం ఆగిపోయాడు. “ఫాదర్ గారికి ఒక మాట చెప్పి వస్త. గౌన్లు కొంచెం ఆలస్యమైతయేమోనని,” అన్నాడు. వర్క్‌షాపులో జరగబోయే యుద్ధం తప్పించుకోవడానికి ఆయనకు అంతకన్నా పవిత్రమైన దారి దొరకలేదు. మిగతా దూరం తల్లీ కూతుళ్లే నెట్టారు. బండికి రెండే పిడులు. ఒకటి ఆమె పట్టుకుంది, ఒకటి ఈమె. మాటల్లేవు గానీ బండి తిన్నగానే పోయింది.

వర్క్‌షాపు అంటే గోదావరి వైపు దారిలో చర్చి మిషనరీ వాళ్ల పాత వడ్ల గోదాము. పద్నాలుగు మంది పిల్లలు నేర్చుకుంటున్నారు. లోపల అడుగుపెట్టగానే ముత్యాలమ్మకు ఎదురైన దృశ్యం ఆమె తెచ్చుకున్న కోపాన్ని కాసేపు మరిపించింది.

ఒక మూల పొయ్యి. పొయ్యి మీద పెద్ద పప్పుగిన్నె. తుండుగుడ్డ నడుముకు కట్టుకుని రూప్‌సింగ్ అనే ఆరడుగుల కుర్రవాడు గరిటె తిప్పుతున్నాడు. మరో ఇద్దరు మగపిల్లలు కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఉల్లిపాయలు కోస్తున్నారు. అవతల పూలి ఇంకొందరితో కలిసి బోరింగు చేతిపంపు గొట్టాన్ని బిగిస్తోంది. శుక్రవారం వంట మగపిల్లలదని స్తుతి చెబితే ముత్యాలమ్మ ఇన్నాళ్లూ నమ్మలేదు.

పొయ్యి పక్కన తెల్లమీసాల బిక్షపతి నిలబడి ఉన్నాడు. బొగ్గుబాయిల్లో ముప్పై రెండేళ్లు పంపు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, హెడ్మాస్టరు ముందు నిలబడ్డ పిల్లవాడిలా ఉన్నాడు.

“సారూ, ఉప్పెంత?” అన్నాడు రూప్‌సింగ్.

“నాలుక నీకుందా నాకుందా? చూడు.”

“జర మీరే వెయ్యుండ్రి సారూ.”

“చేతులు లేవు నాకు,” అన్నాడు బిక్షపతి. వెనక్కి కట్టుకున్న చేతులు విప్పలేదు. అప్పుడు గుమ్మంలో తోపుడు బండి చూశాడు. “రా చెల్లె, రా. ఏంది, మిషనుతోటి వచ్చినవ్?”

“నమస్తే పెట్టనీకి రాలేదన్నా,” అంది ముత్యాలమ్మ. “నా బిడ్డ పేరు కొట్టెయ్యి. గంతకంటే ముందు ఈ మిషను సంగతి చూడు.”

గౌను తీసి బల్ల మీద పరిచింది. పిల్లలంతా మూగారు. పూలి మరక చూసి స్తుతి వైపు చూసింది. స్తుతి కళ్లు దించేసుకుంది.

బిక్షపతి మరక మీద వేలితో రాశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“ఇది నా గ్రీజే,” అన్నాడు.

“నేనే పెట్టిన సార్,” అంది స్తుతి. “అమ్మను అడగకుండ పెట్టిన.”

“అడగకపోవుడు నీ తప్పు. గ్రీజు తప్పు నాది.” ఆయన పిల్లలందరి వైపూ తిరిగాడు. “వినుండ్రి అందరు. నాకు పంపు తప్ప ఇంకోటి తెల్వది. బురద నీళ్ల పంపుకు గ్రీజు లేకపోతే దినం నడవది. గందుకే కదిలే ప్రతిదానికి గ్రీజు అని మీకు చెప్పిన. కదిలేటియి కొన్ని తెల్లబట్టను ముట్టుకుంటయని నా యాదికి రాలే. తప్పయింది చెల్లె.”

ముత్యాలమ్మ పోట్లాటకు తయారై వచ్చింది. దారిపొడుగునా ఒక్కో మాటా పేర్చుకుంటూ వచ్చింది. ఎదుటి మనిషి తొలి మాటకే తప్పయిందంటే ఆ మాటలన్నీ ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు.

“సరే,” అంది చివరికి. “బాగుచెయ్యుండ్రి మరి.”

“నాకు కుట్టుమిషను రాదు చెల్లె. పాడుజేసినోళ్లే బాగుజెయ్యాలె, గది మా కాయిదా. స్తుతి విప్పుతది. ఎట్ల కడగాలె, ఏం నూనె వెయ్యాలె, నువ్వు చెప్పాలె.”

“చెప్పుడేంది? విప్పి ఇయ్యమను, నేను చేస్త.”

“ఊహూ.” బిక్షపతి తల అడ్డంగా ఊపాడు. “ఈ కప్పు కింద నేర్పేటోళ్ల చేతులు ఎనక్కి. నోరు ఎంతైన వాడుకో. చెయ్యి ముందుకు రావద్దు.”

“ఇదేం కాయిదా!”

ఆయన గోడ వైపు చూపించాడు. గోడకు వరసగా మేకులు. ఒక్కో మేకుకు ఒక్కో పాడైన వస్తువు, దానికి దారంతో కట్టిన అట్టముక్క, అట్టముక్క మీద పేరు. మాడి బొగ్గయిన రొట్టె ఒకటి: ‘రూప్‌సింగ్. మాటల్ల పడి మరిచిపోయిండు.’ కరిగిపోయిన స్విచ్చి ఒకటి: ‘పూలి. వైర్లు తారుమారు.’ అన్నిటికన్నా ముందు, తుప్పుపట్టిన విరిగిన బోల్టు: ‘బిక్షపతి.’

“కొత్తల మా ఉస్తాద్ నాకు పానా ఇయ్యలేదు. నాలుగేండ్లు మోసిన గంతే. పట్టుకుంటే చాలు, ‘నీకు రాదు, ఇటు దే’ అని గుంజుకునేటోడు. మంచోడే. పని ఖరాబైతదని భయం. ఒకనాడు ఆయన రాలే. పంపు ఆగింది, బాయిల నీళ్లు ఎక్కుతున్నయి, నన్ను చెయ్యమన్నరు. నాలుగేండ్లు చూసిన గద, నాకొచ్చు అనుకున్న. బిగించి బిగించి బోల్టు విరగ్గొట్టిన.” బిక్షపతి నవ్వాడు. “చేతికి రావాలె చెల్లె. కంటికి వస్తే సాలదు.”

ముత్యాలమ్మ గోడ మీది బోల్టు వైపు చూసి, చూపు తిప్పుకుంది.

*

స్తుతి పీట మీద కూర్చుని స్క్రూలు విప్పుతోంది. ఒక్కో ముక్కా విప్పిన వరసలోనే పాత పేపరు మీద పెడుతోంది. చేతులు వణకడం లేదు. ఆ సంగతి ముత్యాలమ్మ ముందు గమనించలేదు. మూడో ముక్క తర్వాత గమనించింది.

తాను మాత్రం రెండడుగుల దూరంలో, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంది. ఒంట్లో ఎక్కడ లేని దురదలూ అప్పుడే పుట్టుకొచ్చాయి.

“గట్ల కాదు. కిరసనాయిలు పొయ్యద్దు. గుడ్డ తడుపు, గుడ్డతోటి తుడువు. ఆ గాడిల చూడు, నల్లగ కనబడుతలేదా? పాత పళ్లబ్రష్షు లేదా? ఆ... లోపలికి. ఇంకా లోపలికి. అబ్బ, లే, నేను...”

“అమ్మా, చేతులు!” అరిచింది పూలి.

ముత్యాలమ్మ కుడిచెయ్యి మోచేతి దాకా ముందుకొచ్చేసి ఉంది. పిల్లలంతా ఘొల్లుమన్నారు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుని, “నేనేం ముట్టలే,” అంది చిన్నపిల్లలా.

అలా నాలుగుసార్లయింది. నాలుగోసారి ఆమే విసుక్కుని, కొంగు చివర రెండు మణికట్లకూ చుట్టి, “ముడెయ్యి బిడ్డా,” అంది పూలితో. పూలి నవ్వుతూ ముడేసింది. ఆ నవ్వు చూస్తే ఎవరికైనా ఒక ముడి ఎక్కువే వేయించుకోవాలనిపిస్తుంది.

గ్రీజు అంతా తుడిచాక మళ్లీ బిగించడం మొదలైంది. ఇక్కడ ముత్యాలమ్మకు ఏమీ తెలియదు. ఏ ముక్క ఎక్కడిదో స్తుతి తడుముకోకుండా పెడుతుంటే నోరు కూడా ఆగిపోయింది. ఒక చిన్న స్ప్రింగు పట్టుకుని స్తుతి ఆగినప్పుడు, తల్లి మెడ సాచి చూసింది. స్తుతి దాన్ని తిప్పి చూసింది, వెనక్కి మళ్లించి పెట్టింది, బిగించింది.

“గిది మెకానిక్కుకు గూడ ఒక్కసారికి రాదు,” అంది ముత్యాలమ్మ. ఎవరితోనో అన్నట్టు అంది. ఈసారి గోడతో కాదు.

“నూనె ఎక్కడ వెయ్యాలె అమ్మా?”

“ముందు సూది కడ్డీకి. ఒక్క చుక్క. సాలు. ఇప్పుడు పైన రంధ్రం. రెండు. అడుగున మూడు జాగలున్నయి, ఎడమపక్కది మెకానిక్కు గూడ మరుస్తడు. ఆ, గదే. ఇప్పుడు బట్ట పెట్టకుండ తొక్కు.”

స్తుతి తొక్కింది. మిషను కదిలింది. ముత్యాలమ్మ కళ్లు మూసుకుంది.

చేతులు కట్టేసుకుని, కళ్లు మూసుకుని, తల ఒక పక్కకు వంచి ఆమె వింటోంది.

“కుడిపక్క బరువుగున్నది. ఆ చక్రం దగ్గరి స్క్రూ ఎక్కువ బిగించినవ్.”

స్తుతి ఆశ్చర్యంగా తల ఎత్తింది. పావు చుట్టు వదులు చేసింది. తొక్కింది.

“ఇంకొంచెం.”

మళ్లీ తొక్కింది. ఈసారి మిషను చప్పుడు మారిపోయింది. కీచుమనడం లేదు, మూలగడం లేదు. వాన మొదట్లో పెంకుల మీద పడే చినుకుల్లా టకటకటకమని తేలిగ్గా పోతోంది. ముత్యాలమ్మ కళ్లు తెరిచింది. కళ్లలో నీళ్లున్నాయి.

“కొత్తల గిట్లనే ఉండె,” అంది. “మఠం సిస్టరమ్మ నాకిచ్చిననాడు అచ్చం గిట్లనే పలికింది. పలికి పదేండ్లయింది.”

షెడ్డంతా చప్పట్లు. బిక్షపతి మీసం కింద నుంచి నవ్వాడు. అంతలో ఎక్కడి నుంచో మాడు వాసన.

“పప్పు!” అని రూప్‌సింగ్ పరుగెత్తాడు. మిషను దగ్గర మూగిన పద్నాలుగు మందిలో పొయ్యి సంగతి ఒక్కరికీ గుర్తులేదు. గిన్నె దించేసరికి అడుగంతా నల్లగా అంటుకుపోయింది.

“ఇంకో మేకు కొట్టు సారూ,” అన్నాడు రూప్‌సింగ్ గరిటె పైకెత్తి. ముత్యాలమ్మ కూడా నవ్వేసింది. పొద్దున్నించి పేరుకున్నదంతా ఆ నవ్వులో బయటకొచ్చేసింది.

నవ్వులు తగ్గాక స్తుతి అట్టముక్క ఒకటి తెచ్చుకుని, బల్ల మీద పెట్టి రాసింది: ‘స్తుతి. అడగకుండ మిషనుకు గ్రీజు పెట్టింది.’ మరక గౌనుకు దాన్ని కట్టి, గోడకు తగిలించింది. ఊరంతా చూసే గోడ మీద సత్ప్రసాదం గౌను. ముత్యాలమ్మ దాన్ని చూస్తూ నిలబడింది. వద్దంటుందని అందరూ అనుకున్నారు.

“ఇంకో అట్టముక్క ఉందా?” అంది.

“ఎందుకమ్మా?”

“రాయి. ముత్యాలమ్మ.” ఆమె ఆగింది. మణికట్ల మీద కొంగు ముడి ఇంకా అలాగే ఉంది. “బిడ్డను పంతొమ్మిదేండ్లు మిషను ముట్టనియ్యలే. గట్ల రాయి.”

స్తుతి రాయలేదు. పెన్ను చేతిలో ఉంది, అక్షరాలు కనబడలేదు. పూలి ఆ పెన్ను తీసుకుని తన వంకర అక్షరాలతో రాసి, అదే మేకుకు తగిలించింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బిక్షపతి మాత్రం తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు, పొయ్యి పొగ అని అన్నాడు.

అప్పుడే అంతోనయ్య రొప్పుతూ లోపలికొచ్చాడు. యుద్ధం అయిపోయి ఉంటుందని లెక్కవేసుకునే వచ్చాడు. భార్య చేతులు కట్టేసి ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఏందిది? ఎవరు కట్టేసిండ్రు?”

“నేనే కట్టేయించుకున్న. ఫాదర్ గారు ఏమన్నడు?”

“ఆలస్యమైతదంటే... ఇంకా ముందు కావాలన్నడు. రేపు సాయంత్రమే పిల్లలందరికి తొడిగి, వరసల నిలబెట్టి చూస్తడంట.”

రేపు సాయంత్రం. తొమ్మిది గౌన్లు. బట్ట సరిగ్గా తొమ్మిదికే ఉంది. షెడ్డులో అందరి చూపులూ ముత్యాలమ్మ మీదికి పోయాయి. పూలి వచ్చి ముడి విప్పబోయింది.

బిక్షపతి హాజరు రిజిస్టరు తెరిచి పెన్ను పట్టుకున్నాడు. “చెల్లె, పేరు కొట్టెయ్యమంటివి. ఏం చేద్దాం?”

“పనిల ఉన్నప్పుడు పలకరియ్యకన్నా,” అంది ముత్యాలమ్మ. పూలి చెయ్యి తప్పించి స్టూలు వైపు గడ్డంతో చూపించింది. “స్తుతీ, కూసో.”

“నేనా? అమ్మా, నాకు కుట్టుడు రాదు.”

“తెలుసు. కూసో. తెల్లదారం ఎక్కియ్యి.”

“ఇంక వేరే బట్ట లేదమ్మా. పాడైతే...”

“కూసోమన్ననా?”

స్తుతి కూర్చుంది. మూడుసార్లు తప్పి నాలుగోసారి సూదిలో దారం ఎక్కించింది. రెండు తెల్లముక్కలు కలిపి సూది కింద పెట్టింది. తొక్కింది. మొదటి బెత్తెడు కుట్టు గీత గీసినట్టు వచ్చింది. ఆ తర్వాత కాలు తొందరపడింది, బట్ట జరిగింది, కుట్టు వంకర తిరిగి అంచు వైపు పోయింది.

“ఆపు,” అంది ముత్యాలమ్మ.

మిషను ఆగింది. స్తుతి అలవాటుగా స్టూలు మీంచి సగం లేచింది. ఆ తర్వాత వచ్చే మాట ఆ పిల్లకు పుట్టినప్పటి నుంచీ తెలుసు.

“ఎక్కడికి లేస్తున్నవ్?”

ముత్యాలమ్మ వంగి కుట్టు చూసింది. ముడి ఎప్పుడు జారిందో, కొంగు నేల మీద ఉంది. చేతులు మాత్రం ఇంకా వీపు వెనకే ఉన్నాయి. ఒక చెయ్యి ఇంకో చేతిని గట్టిగా పట్టుకుని ఉంది.

“వంకర పోయినకాడికి విప్పు,” అంది. “మళ్ల కుట్టు.”